మూతి తుడవడానికి చిలకా, తారాజువ్వా, కొడవలీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచిక చివరి పేజీలో రూబ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ కార్టూనిస్టు గీసిన "తనంతట తానే మూతి తుడిచే నాప్కిన్" గురించి నాలుగు ముక్కలు రాశాం. అంత చిన్న ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట కలిపేశాను, పొడుగు ఉత్తరాలు కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నా మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ మీద మా సార్ ఎర్ర పెన్నుతో "రూబ్ గోల్డ్‌బర్గ్!" అని రాసి ఇచ్చారు. మెచ్చుకున్నారా, తిట్టారా? అసలు ఈయన ఎవరు? ఆ నాప్కిన్ ఎలా పనిచేస్తుందో కూడా వివరంగా చెప్పగలరు.
(ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: తిట్టారు. కాకపోతే కాస్త ముద్దుగా తిట్టారు. ముక్కు ఎక్కడుందిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించావని మనవాళ్లు అంటారు కదా, అమెరికాలో అదే మాట అనాలంటే ఈయన పేరు చెప్తారు. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు 1931లోనే ఆ పేరుని విశేషణంగా ఎక్కించేసింది. అప్పటికి ఆయనకి యాభై ఏళ్లు కూడా లేవు, రోజూ పేపర్లో బొమ్మలు వేస్తూనే ఉన్నాడు.

మీకు నచ్చే విషయం ఏంటంటే ఆయన కూడా ఇంజనీరే. 1883లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. బొమ్మల పిచ్చి ఉన్నా, తండ్రి పోరుతో బర్క్‌లీలో మైనింగ్ ఇంజనీరింగ్ చేరి 1904లో పట్టా పుచ్చుకున్నాడు (ఈ కథ మన ఇళ్లలో ఎన్నిసార్లు విన్నామో!). నగరంలో నీళ్లు, మురుగు కాలవలు చూసే శాఖలో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు చేసి వదిలేసి, ఒక పేపర్లో క్రీడల పేజీకి బొమ్మలు వేసే పనిలో దూరాడు, 1907లో న్యూయార్క్ వెళ్లిపోయాడు. అయితే చదివిన చదువు ఊరికే పోలేదు. బర్క్‌లీలో ఫ్రెడరిక్ స్లేట్ అనే ప్రొఫెసర్ "బారోడిక్" అనే యంత్రం పెట్టి, దాంతో భూమి బరువు కనుక్కోమని కుర్రాళ్లకి పని చెప్పేవాడు. గొట్టాలూ తీగలూ అంతా కలిపి గదంతా పరుచుకున్న ఆ సరంజామా, దాని ముందు సీరియస్ మొహంతో నిలబడ్డ ప్రొఫెసర్, భూగోళం బరువు ఎంతో తెలిసినా తెలియకపోయినా మరుసటి రోజు ఏమీ మారని జనం... గోల్డ్‌బర్గ్ బుర్రలో అది అలాగే ఉండిపోయి, తర్వాత ప్రొఫెసర్ లూసిఫర్ గోర్గొంజోలా బట్స్ అనే పాత్రగా బయటికొచ్చింది. ఆ వింత యంత్రాలన్నీ కనిపెట్టేది ఈ బట్స్ గారే.

ఇక నాప్కిన్ సంగతి. ఒక పెద్దమనిషి సూప్ తాగుతుంటాడు, ఆయన నెత్తి మీదే ఈ తతంగమంతా బిగించి ఉంటుంది. చెంచా నోటి దాకా లేపగానే దానికి కట్టిన తాడు లాగుతుంది, తాడు గరిటెని ఎగరేస్తుంది, గరిటెలో ఉన్న బిస్కెట్ చిలక పక్కనుంచి ఎగిరి పోతుంది, చిలక దాని వెనకాల దూకుతుంది, చిలక లేచిపోయేసరికి అది కూర్చున్న కర్ర ఒరిగి గింజలు చిన్న బాల్చీలో పడతాయి, ఆ బరువుకి ఇంకో తాడు లాగి సిగార్ లైటర్ వెలుగుతుంది, లైటర్ తారాజువ్వని అంటిస్తుంది, జువ్వ పైకి లేస్తూ దానికి కట్టిన కొడవలితో ఒక దారం తెంపుతుంది, దారం తెగగానే నాప్కిన్ కట్టిన లోలకం అటూ ఇటూ ఊగుతూ ఆయన మూతి తుడుస్తుంది. ఒక్కో వస్తువు పక్కనా ఎ, బి, సి అని అక్షరాలు, కింద ఆ అక్షరాల ప్రకారం వివరణ. పేటెంటు కాగితాల్లో ఉండే పద్ధతే. 1995లో అమెరికా తపాలా శాఖ ఈ బొమ్మతో స్టాంపు కూడా వేసింది.

ఒకసారి పైన రాసిన వాక్యం మళ్లీ చదివి, ఎక్కడ అబద్ధముందో వెతకండి. దొరకదు. బిస్కెట్ కనిపిస్తే చిలక దూకుతుంది, బరువు తగ్గితే కర్ర ఒరుగుతుంది, నిప్పు తగిలితే జువ్వ లేస్తుంది, కొడవలి తగిలితే దారం తెగుతుంది. ప్రతి మెట్టూ నిజం, మొత్తం కలిపితే మాత్రం పిచ్చి. నా దృష్టిలో గోల్డ్‌బర్గ్ పనితనమంతా అక్కడే ఉంది. గజిబిజిగా గొట్టాలు గీసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల బొమ్మ చూస్తే "అబ్బో" అంటాం, పేజీ తిప్పేస్తాం. ఈయన బొమ్మ మాత్రం వేలు పెట్టి వరసగా చదువుకుంటాం.

మీ ప్రాజెక్ట్ విషయానికొస్తే, ఒక్కో భాగం తీసేసి చూడండి. తీసేసినా పని జరుగుతుంటే మీ సార్ చెప్పింది కరెక్టే.

ప్రశ్న: ఇలాంటి బొమ్మలు గోల్డ్‌బర్గే మొదలుపెట్టారా? ఇంగ్లండ్‌లో ఇంకెవరో ఉన్నారని చిన్నప్పుడు మా ఇంగ్లిషు మాస్టారు చెప్పిన గుర్తు.
(విశ్రాంత ఉపాధ్యాయురాలు, హన్మకొండ)

జవాబు: మీ మాస్టారు చెప్పింది విలియం హీత్ రాబిన్‌సన్ గురించి అయ్యుంటుందండీ. ఆయన గోల్డ్‌బర్గ్ కంటే పెద్దవాడు, 1872లో లండన్‌లో పుట్టాడు. అన్నలిద్దరూ పుస్తకాలకి బొమ్మలు వేసేవాళ్లే. ఈయనకి మాత్రం చెట్లూ కొండలూ గీస్తూ బతకాలని ఉండేది, అది కూడు పెట్టలేదు, చివరికి అన్నల దారే పట్టాడు. 1902లో పిల్లల కోసం తనే రాసి బొమ్మలు వేసిన అంకుల్ లూబిన్ పుస్తకంలోనే ఈ యంత్రాల వాసన మొదలైంది.

ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ నాకు వాళ్లు చాలా వేరుగా కనిపిస్తారు. గోల్డ్‌బర్గ్ యంత్రం ఒక్కసారి పేలే టపాకాయల దండ, ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ పరిగెడుతుంది, మనుషులు దానికి బలి. హీత్ రాబిన్‌సన్ యంత్రానికి తొందరలేదు. అరిగిన కప్పీలు, తెగి ముడేసిన తాళ్లు, ఎక్కడో ఒక కెటిల్, ఒక గొడుగు, ఆ మధ్యలో బొద్దుగా, బట్టతలతో, కళ్లద్దాలు పెట్టుకుని గవర్నమెంటు ఆఫీసు పనంత గంభీరంగా తాడు లాగుతున్న పెద్దమనుషులు. ఒక్కడి మొహంలోనూ ఇది పిచ్చిపని అన్న అనుమానం ఉండదు. నవ్వంతా ఆ మొహాల్లోనే ఉంది. ఆయన గీసిన తాళ్లలో ముడి లేని తాడు కోసం వెతకండి, సరదాగా ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన శత్రువుని రాక్షసుడిలా గీయలేదు. జర్మన్ సైనికులు స్కాట్లండ్ పటాలం వాళ్లని కుట్టడానికి కందిరీగలకి శిక్షణ ఇస్తున్నట్టు గీశాడు. స్కాట్లండ్ వాళ్లు మోకాళ్ల దాకా ఉండే కిల్టులు కట్టుకుంటారు కాబట్టి కందిరీగ ఎక్కడ కుడుతుందో మీ ఊహకే వదిలేస్తున్నా. కందకాల్లో ఉన్న సైనికులు ఈ బొమ్మలు చూసి నవ్వుకుని ఆయనకి ఉత్తరాలు రాసేవాళ్లు.

1930ల్లో లండన్‌లో ఫ్లాట్లు పెరిగి జనం ఇరుకు గదుల్లోకి మారుతున్నప్పుడు, 1936లో కె.ఆర్.జి. బ్రౌన్ అనే రచయితతో కలిసి ఫ్లాట్‌లో ఎలా బతకాలో చెప్పే పుస్తకం తెచ్చాడు. అందులో ఒకే స్టీలు గొట్టాన్ని వంచి వంచి బల్లా కుర్చీలూ కలిపి చేసిన డైనింగ్ సెట్ ఉంది. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి మంచమూ బల్లా ఒకటే అయిన ఫర్నిచర్ కొన్నవాళ్లు ఆ పుస్తకం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అంతకు రెండేళ్ల ముందు, 1934లో, లండన్ ఐడియల్ హోమ్ ఎగ్జిబిషన్‌లో ఆయన బొమ్మల ప్రకారం ఒక ఇల్లే కట్టి పెట్టారు. పొద్దున్నే భార్యాభర్తలు పై గదిలోంచి నేలలో కంత గుండా నేరుగా టిఫిన్ బల్ల దగ్గరికి దిగుతారు.

మిగతా దేశాల వాళ్లని త్వరగా చెప్పేస్తా. డెన్మార్క్‌లో రాబర్ట్ స్టార్మ్ పీటర్సన్ (1882 – 1949), అందరూ స్టార్మ్ పి. అంటారు. ఆయన బొమ్మల కోసమే కోపెన్‌హాగన్ ఆనుకుని ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో మ్యూజియం ఉంది. స్పెయిన్‌లో టీబీఓ అనే పిల్లల పత్రికలో ప్రొఫెసర్ ఫ్రాంజ్ అనే కల్పిత శాస్త్రజ్ఞుడు ఇలాంటివే కనిపెడుతుండేవాడు, అక్కడ ఇప్పటికీ అక్కర్లేని తంటాలమారి పరికరాన్ని చూసి "ఇది టీబీఓ యంత్రం" అంటారు.

మన దేశంలో వెతికితే నాకు మొదట గుర్తొచ్చేది బెంగాల్ సుకుమార్ రాయ్. సినిమాల సత్యజిత్ రాయ్ తండ్రి. ఈయనకీ యంత్రాలు తెలుసు, ఇంగ్లండ్ వెళ్లి ఫోటోలు, బ్లాకులు, అచ్చు పనుల సాంకేతికత చదివొచ్చినవాడు. 1923లో వచ్చిన ఆబోల్ తాబోల్ అనే పద్యాల పుస్తకంలో చండీదాస్ గారి బాబాయి ఒక యంత్రం కనిపెడతాడు. వీపుకి తగిలించుకుంటే, మీకు బాగా ఇష్టమైన తిండి మూతికి కాస్త దూరంలో వేలాడుతుంటుంది. దాన్ని అందుకుందామని మీరు నడుస్తూనే ఉంటారు, అయిదు గంటల దారి గంటన్నరలో అయిపోతుంది. పద్యమూ ఆయనదే, బొమ్మా ఆయనదే. పుస్తకం అచ్చై రావడానికి కొద్ది రోజుల ముందు, 35 ఏళ్లకే పోయాడు. పెట్రోల్ ధర పెరిగినప్పుడల్లా నాకు ఆ బాబాయి గుర్తొస్తాడు.

ప్రశ్న: మా బాబుకి స్కూల్లో రూబ్ గోల్డ్‌బర్గ్ మెషిన్ ప్రాజెక్ట్ ఇచ్చారు. పది మెట్లు ఉండాలట. హాలు నిండా డొమినోలు, అట్టపెట్టెలు, రాత్రి పదకొండైనా ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్లట్లేదు. వాడికి ఏడుపు, నాకు టెన్షన్. ఏదైనా కిటుకు ఉంటే చెప్పండి.
(ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ముందు లెక్క చూడండి, మీ తప్పు కాదని తెలుస్తుంది. ఒక్కో మెట్టు పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా పనిచేస్తోందనుకోండి, బాగానే ఉందనిపిస్తుంది. కానీ అలాంటివి పది వరసగా పెడితే మొత్తం చివరిదాకా వెళ్లేది నూటికి 35 సార్లే. అదే ఒక్కో మెట్టునీ నూటికి 99 సార్లు పనిచేసేలా చేస్తే పది మెట్లు కలిపి నూటికి 90 సార్లు వెళ్తాయి. కాబట్టి మొత్తం మెషిన్‌ని మొదటినుంచి మళ్లీ మళ్లీ నడపడం మానేసి, ఒక్క మెట్టుని విడిగా తీసుకుని వరసగా ఇరవైసార్లు నడపండి. ఇరవైకి ఇరవై వస్తేనే పక్కదానికి వెళ్లండి.

రెండోది, చివర్నుంచి వెనక్కి కట్టుకుంటూ రండి. గంట మోగాలంటే దానికి ఎంత దెబ్బ తగలాలి, ఆ దెబ్బ ఇవ్వడానికి గోళీ ఎంత ఎత్తునుంచి దొర్లాలి, ఆ గోళీని వదలడానికి ఎంత చిన్న తోపు చాలు, ఇలా. మొదటినుంచి కట్టినవాళ్లకి చివరికొచ్చేసరికి ఊపు చాలదు. ఊపు ముందు మెట్టునుంచి రావాల్సిన పని లేదు, అదే అసలు కిటుకు. నిలబెట్టిన డొమినో, ఎత్తులో పెట్టిన గోళీ, లాగిపెట్టిన రబ్బరు బ్యాండు, ఊదిన బెలూను, వీటన్నిట్లో శక్తి ముందే దాచి ఉంటుంది, వెనకనుంచి వచ్చే మెట్టు చెయ్యాల్సింది తాళం తియ్యడమే. డొమినోలతోనే చూపించొచ్చు: ఒక్కోటి ముందుదాని కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా పెట్టుకుంటూ పోయినా చిన్నది పెద్దదాన్ని పడగొడుతుంది.

డొమినోల వరసలో మధ్య మధ్య రెండు మూడు బిళ్లలు తీసి ఖాళీ ఉంచండి, పొరపాటున ఒకటి పడితే మొత్తం కూలదు. నడిపేముందు ఆ ఖాళీలు నింపుకోవచ్చు. నున్నటి టైల్స్ మీద కాకుండా అట్ట మీద పేర్చండి. టేపు విషయంలో పిసినారితనం వద్దు.

ఇంకొక్క మాట, ఇది మార్కుల కోసం కాదు. పది మెట్లూ డొమినోలూ గోళీలే అయితే చూసేవాళ్లకి మూడో మెట్టుకే ఆవులింత వస్తుంది. ఒక్క మెట్టైనా వాడిదే అనిపించేది ఉండాలి. వాడికి ఇష్టమైన వస్తువేదో పెట్టనివ్వండి, ఇంట్లో ఇడ్లీ రేకో, చిల్లుల గరిటో, బొంగరమో. టీచరు దాని గురించే అడుగుతారు చూడండి. రాత్రి పదకొండుకి మాత్రం ఆపేసి పడుకోబెట్టండి.

ప్రశ్న: గోల్డ్‌బర్గ్ తన యంత్రాల్లో ఒక్కటైనా నిజంగా తయారుచేశారా? ఇవి తప్ప ఇంకేమీ గీయలేదా?
(గుంటూరు, ఇదే ప్రశ్న కరీంనగర్, బెంగళూరు నుంచి కూడా)

జవాబు: ఆయన పని బొమ్మ గీయడం వరకే. తయారుచేసే పిచ్చి తర్వాతి వాళ్లది. పర్డ్యూ యూనివర్సిటీలో రెండు ఇంజనీరింగ్ విద్యార్థి సంఘాలు 1949లో పోటీ మొదలుపెట్టి 1955 దాకా నడిపాయి, 1983లో మళ్లీ బతికించారు, 1988 నుంచి అది జాతీయ స్థాయి పోటీ. బ్రష్ మీద పేస్టు వెయ్యాలి, బల్బు బిగించాలి, ఇలాంటి పనులు ఇస్తారు. నాకు ఆ వీడియోల్లో మెచ్చుకోలు ఉంటుంది గానీ నవ్వు తక్కువ. అందులో చిలక ఉండదు కదా. బిస్కెట్ వైపు దూకుతుందా లేదా అన్నది చిలక ఇష్టం, ఆ ధీమాతో మూతి తుడుచుకోవడానికి కూర్చున్న మనిషిని చూసే మనకి నవ్వొచ్చేది.

యంత్రాల బొమ్మలు ఆయన పనిలో ఒక ముక్క మాత్రమే. మొదట పేరు తెచ్చింది 1908లో మొదలుపెట్టిన "వెర్రి ప్రశ్నలు". అందులో ఒకాయన భవనం మీదనుంచి కింద పడతాడు, "దెబ్బ తగిలిందా?" అని ఒకావిడ అడుగుతుంది, "లేదమ్మా, ఒళ్లు వంగడానికి రోజూ ఇలాగే దూకుతుంటాను" అంటాడు. నిద్రపోతున్నవాణ్ని లేపి "నిద్రపోతున్నావా?" అని అడిగే మన చుట్టాలకి అంకితమివ్వొచ్చు. సన్నబడే యంత్రం ఒకటి 1914లో గీశాడు: డోనట్ ఆశతో మొదలై, బాంబు, బెలూను, వేడి పొయ్యి అన్నీ దాటాక లావుపాటి మనిషి తిండి లేని గదిలో ఇరుక్కుంటాడు, సన్నబడితే తప్ప బయటికి రాలేడు. ఇప్పటి డైట్ ప్లాన్ల కంటే నిజాయితీగా ఉందనిపించింది.

సీరియస్ బొమ్మలూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాజకీయ కార్టూన్లు వేసినందుకు ద్వేషంతో నిండిన ఉత్తరాలు ఎన్ని వచ్చాయంటే, ఆయన యూదుడు కూడా కావడంతో, పిల్లల క్షేమం కోసం కొడుకుల ఇంటిపేరే మార్పించాడు. 1948లో పులిట్జర్ బహుమతి వచ్చింది, అది యంత్రానికి కాదు. పెద్ద అణుబాంబు కొండ అంచున ఒరిగి ఊగుతోంది, దాని మీద ఒక మామూలు కుటుంబం ఇల్లు కట్టుకుని కూర్చుంది, ఆ బొమ్మకి. అందులో ఎ, బి, సి అక్షరాలు లేవు, తర్వాతి మెట్టు ఏంటో మనమే ఊహించుకోవాలి. 1970లో చనిపోయాడు.

నిజంగా కట్టిన కార్టూనిస్టు కావాలంటే రోలండ్ ఎమెట్ ఉన్నాడు. ఇంగ్లండ్ పంచ్ పత్రికలో వంకర చిమ్నీల రైళ్లు గీసేవాడు. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ ఉత్సవంలో ఆ రైలునే జనం ఎక్కి తిరిగేలా నిజంగా నడిపించారు. నాటింగ్‌హామ్‌లో ఒక షాపింగ్ సెంటర్లో 1973లో ఆయన పెట్టిన నీటి గడియారం ఇంకా ఉంది.

ప్రశ్న: యుద్ధంలో రహస్య సంకేతాలు విప్పే మెషిన్‌కి హీత్ రాబిన్‌సన్ పేరు పెట్టారని ఎక్కడో చదివాను. నిజమేనా, వాట్సాప్ కథా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు శత్రువు సంకేతాలు విప్పే రహస్య కేంద్రం బ్లెచ్‌లీ పార్క్‌లో 1943లో వచ్చిన మెషిన్ అది. జర్మన్ సైన్యం పైస్థాయి సందేశాలకి లోరెంజ్ అనే పరికరం వాడేది. దాన్ని ఛేదించడానికి చిల్లులు పొడిచిన రెండు కాగితం టేపుల్ని ఉచ్చుల్లా చుట్టి, కప్పీల మీద సెకనుకి వెయ్యికి పైగా అక్షరాల వేగంతో పరిగెత్తించి, ఒకదాంతో ఒకటి పోల్చి లెక్కపెట్టేవాళ్లు. రెండు టేపులూ అక్షరం తేడా రాకుండా కలిసి నడవాలి, కాగితమేమో సాగుతుంది, చిరుగుతుంది. మంచపు చట్రంలాంటి దాని మీద గిర్రున తిరుగుతున్న ఆ టేపుల్ని చూసి, దాన్ని నడిపే నౌకాదళం అమ్మాయిలు ఆ పేరు పెట్టారని చెప్తారు.

తర్వాత టామీ ఫ్లవర్స్ అనే టెలిఫోన్ శాఖ ఇంజనీరు, రెండో టేపు అసలు ఎందుకు, దాని మీద ఉండే నమూనాని ఎలక్ట్రానిక్ వాల్వులతోనే పుట్టించొచ్చు కదా అన్నాడు. 1,500 పైచిలుకు వాల్వులు పెట్టుకుని 1944 మొదట్లో పనిలోకి దిగిన కొలొసస్ అనే మెషిన్ అలా వచ్చింది, సెకనుకి 5,000 అక్షరాలు. మీ రంగంలో వాళ్లకి ఇది అర్థమవుతుంది: రెండింటిని కలిపి నడపడమే తలనొప్పి అయినప్పుడు, ఇంకా మంచి కప్పీ కోసం వెతక్కుండా ఒకదాన్ని తీసేశాడు. హీత్ రాబిన్‌సన్ 1944 సెప్టెంబర్‌లో పోయాడు. బ్లెచ్‌లీ సంగతులు బయటికొచ్చింది 1970ల్లో, కాబట్టి తన పేరు ఎక్కడెక్కింది ఆయనకి తెలిసే దారే లేదు.

ప్రశ్న: పనికిరాని యంత్రాల గురించి ఇంత పేజీ ఎందుకండీ? పిల్లలకి పనికొచ్చే సైన్సు రాయొచ్చుగా.
(పేరు, ఊరు రాయలేదు)

జవాబు: రాస్తాం. వచ్చే సంచికలో మిక్సీ మోటార్ గురించి ఉంది.

ప్రశ్న: వేసవిలో లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఈ బొమ్మలు అసలువి చూడగలిగే చోటు ఏదైనా ఉందా?
(రాజమహేంద్రవరం)

జవాబు: ఉందండీ. హీత్ రాబిన్‌సన్ మ్యూజియం పిన్నర్‌లో ఉంది, లండన్ వాయవ్యం వైపు, మెట్రోపాలిటన్ లైన్ రైలెక్కితే పిన్నర్ స్టేషన్‌లోనే దిగొచ్చు. 1908 నుంచి పదేళ్ల పాటు ఆయన ఆ ఊళ్లోనే కాపురమున్నాడు. మ్యూజియం 2016లో తెరిచారు, పార్కులో ఉంటుంది, చిన్నది, గంటన్నరలో తీరిగ్గా చూసేయొచ్చు. వారంలో అన్ని రోజులూ తీసి ఉండకపోవచ్చు, బయల్దేరే ముందు అమ్మాయిని వాళ్ల వెబ్‌సైట్ చూడమనండి. యంత్రాల బొమ్మల కోసం వెళ్లినా, కథల పుస్తకాలకి ఆయన వేసిన నీటిరంగుల బొమ్మల దగ్గర కూడా కాసేపు ఆగండి, చెట్లూ కొండలూ గీయాలనుకున్న మనిషి అక్కడ కనిపిస్తాడు. కళ్లద్దాలు మర్చిపోకండి, ఆ ముడులు చాలా చిన్నవి.